లా ఫర్మ్ ఇంటర్న్‌షిప్: నాలుగు వారాల పనితో ఉద్యోగం ఎలా ఖరారవుతుంది?

ఐదేళ్ల లా కోర్సు చదివే విద్యార్థికి పట్టా చేతికి రావడానికి ఏడాది ముందే తొలి ఉద్యోగం ఖాయమైపోవచ్చు. ముంబయి, దిల్లీ, బెంగళూరుల్లోని పెద్ద కార్పొరేట్ లా ఫర్మ్‌లు కొత్తవారిని ఎక్కువగా ఇలాగే తీసుకుంటాయి. వేసవి సెలవుల్లోనో శీతాకాలం సెలవుల్లోనో విద్యార్థిని ఇంటర్న్‌గా పిలిచి, పని ఇచ్చి చూస్తాయి. నచ్చితే ‘ప్రీ ప్లేస్‌మెంట్ ఆఫర్’ ఇస్తాయి. విద్యార్థులు దీన్ని పీపీఓ అంటారు.

పిల్లల్ని లా చదివించే తల్లిదండ్రుల్లో చాలామందికి ప్రవేశ పరీక్ష గురించి తెలుసు, ఫీజుల గురించి తెలుసు. ఆ తర్వాత వచ్చే ఈ మెట్టు గురించి తెలిసింది తక్కువ. అసలైన వడపోత మాత్రం అక్కడే జరుగుతుంది.

నిబంధనలు ఏం చెబుతున్నాయి?

ఇంటర్న్‌షిప్ అనేది విద్యార్థి ఇష్టానికి వదిలేసిన విషయం కాదు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008లో తెచ్చిన న్యాయవిద్య నిబంధనల ప్రకారం ఐదేళ్ల కోర్సు చదివేవారు కనీసం 20 వారాలు, మూడేళ్ల కోర్సువారు కనీసం 12 వారాలు ఇంటర్న్‌షిప్ చేయాలి. ఏ ఏడాదిలోనైనా ఏకధాటిగా నాలుగు వారాలకు మించకూడదు. స్వచ్ఛంద సంస్థలు, న్యాయమూర్తులు, నియంత్రణ సంస్థలు, చట్టసభలు, కంపెనీలు, లా ఫర్మ్‌లు... వీటిలో ఎక్కడైనా చేయవచ్చు. అయితే కోర్సు పూర్తయ్యేలోపు ఒక్కసారైనా ట్రయల్ కోర్టు, అప్పీలు కోర్టు న్యాయవాదుల దగ్గర పనిచేసి తీరాలి.

ఇంటర్న్‌కు స్టైపెండ్ ఇవ్వాలన్న షరతు మాత్రం ఈ నిబంధనల్లో లేదు. ఈ ఖాళీ వల్ల ఎవరికి నష్టమో తర్వాత చూద్దాం.

అమెరికా పద్ధతికీ మనకూ తేడా ఏంటి?

ఈ పద్ధతికి బాగా పేరున్న రూపం అమెరికాలోని ‘సమ్మర్ అసోసియేట్’ కార్యక్రమం. అక్కడ లా అంటే డిగ్రీ తర్వాత చదివే మూడేళ్ల కోర్సు. రెండో ఏడాది పూర్తయ్యాక వచ్చే వేసవిలో విద్యార్థులు పెద్ద ఫర్మ్‌లలో సుమారు పది వారాలు పనిచేస్తారు. కొత్తగా చేరే లాయరుకు ఇచ్చే జీతం లెక్కనే వారికీ చెల్లిస్తారు. న్యూయార్క్‌లోని అతిపెద్ద ఫర్మ్‌లలో తొలి ఏడాది వేతనం 2,25,000 డాలర్లు. అంటే విద్యార్థికి వారానికి సుమారు 4,300 డాలర్లు అందుతాయి. పనిచేసినవారిలో అత్యధికులకు ఉద్యోగమూ వస్తుంది. అక్కడ గట్టి పోటీ ఆ వేసవి సీటు దొరకడం దగ్గరే ముగుస్తుంది.

మన దగ్గర సీటు దొరకడానికీ పోటీయే, దొరికాక నిలబడటానికీ పోటీయే. ఒకే బృందంలో కూర్చున్న ఇంటర్న్‌లలో ఒక్కరికి ఆఫర్ రావచ్చు, ఎవరికీ రాకపోనూవచ్చు.

భారత న్యాయశాస్త్రాన్ని ప్రాక్టీసు చేసే అవకాశం విదేశీ ఫర్మ్‌లకు లేదు. అవి ఇక్కడ కార్యాలయాలు తెరవకూడదని 2018లో ఏకే బాలాజీ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 2023లో బార్ కౌన్సిల్ తెచ్చిన నిబంధనలు విదేశీ చట్టాలు, అంతర్జాతీయ చట్టాలకు సంబంధించిన పనికి పరిమితంగా దారి తెరిచాయి. అందువల్ల దేశంలోని పెద్ద కార్పొరేట్ పనంతా దాదాపుగా దేశీయ ఫర్మ్‌ల చేతిలోనే ఉంది. 1911లో కలకత్తాలో మొదలైన ఖైతాన్ అండ్ కో, 1917 నాటి అమర్‌చంద్ సంస్థ 2015లో విడిపోగా ఏర్పడిన శార్దూల్ అమర్‌చంద్ మంగళ్‌దాస్, సిరిల్ అమర్‌చంద్ మంగళ్‌దాస్, ఇంకా ఏజడ్‌బీ, ట్రైలీగల్, జేఎస్ఏ వంటివి ఈ వరుసలో ముందుంటాయి.

దరఖాస్తు ఎలా?

పేరున్న ఫర్మ్‌లలో మే, జూన్ నెలల సీట్లు చాలా నెలల ముందే నిండిపోతాయి. పరీక్షలు అయ్యాక చూద్దామనుకుంటే ఆలస్యమైనట్టే. కొన్ని ఫర్మ్‌లు తమ వెబ్‌సైట్లలో దరఖాస్తు ఫారం పెడతాయి. కొన్ని ఈమెయిల్‌లో సీవీ, ఒక చిన్న లేఖ పంపమంటాయి. జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల్లో అయితే విద్యార్థులే నడిపే కమిటీలు ఫర్మ్‌లతో నేరుగా మాట్లాడి సీట్లు తెస్తాయి.

లేఖలో మూడు విషయాలు స్పష్టంగా ఉండాలి. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు రాగలరు, ఏ విభాగంలో పనిచేయాలని ఉంది, ఎందుకు. కంపెనీల విలీనాలు, బ్యాంకింగ్, క్యాపిటల్ మార్కెట్లు, వివాదాలు, పన్నులు, పోటీ చట్టం... ఒక్కో విభాగానిదీ ఒక్కో రకం పని. ‘ఏదైనా ఫర్వాలేదు’ అని రాసిన లేఖ ఎవరికీ గుర్తుండదు. సీవీ రెండు పేజీలు దాటకపోతే మేలు. మార్కులు, మూట్ కోర్టులు, ప్రచురితమైన వ్యాసాలు, ఇంతకుముందు చేసిన ఇంటర్న్‌షిప్‌లు చూస్తారు. ‘న్యాయవాది దగ్గర పనిచేశాను’ అనే వాక్యం కన్నా ‘చెక్ బౌన్స్ కేసులో తేదీల జాబితా తయారుచేశాను’ అనే వాక్యానికి బరువెక్కువ.

లోపల ఏం పని ఉంటుంది?

కోర్టులో వాదించడం, క్లయింటుతో బేరాలాడటం ఇంటర్న్ పనులు కావు. చేతికొచ్చేవి ఎక్కువగా నాలుగు రకాలు: ఒక ప్రశ్నకు సమాధానం వెతికి నోట్ రాయడం, పత్రాలు పరిశీలించడం, ముసాయిదాలో తప్పులు పట్టడం, కోర్టు కేసుకు తేదీల జాబితా, తీర్పుల సంకలనం సిద్ధం చేయడం.

పత్రాల పరిశీలననే ‘డ్యూ డిలిజెన్స్’ అంటారు. ఒక కంపెనీని మరొకటి కొంటోందనుకుందాం. అమ్మే కంపెనీకి ఉన్న ఒప్పందాలన్నీ చదవాలి. కంపెనీ చేతులు మారితే తమ అనుమతి ఉండాలని అప్పిచ్చిన బ్యాంకు ఏదో ఒప్పందం నలభయ్యో పేజీలో రాసుకుని ఉండవచ్చు. ఆ వాక్యాన్ని చూడకుండా దాటేస్తే మొత్తం కొనుగోలే ఇరకాటంలో పడుతుంది. విసుగు పుట్టించే పనే, కానీ ఇంటర్న్ ఓపిక ఎంతో సీనియర్లకు తెలిసేది ఇక్కడే.

తెలుగు విద్యార్థులకు కలిసొచ్చే చోటు ఒకటుంది. సౌర విద్యుత్ ప్లాంట్లకూ పరిశ్రమలకూ భూములు కొనే కంపెనీలు ముందుగా యాజమాన్య హక్కులు పరిశీలింపజేస్తాయి. పహాణీ, అడంగల్, 1-బీ, ఈసీ, పాత దస్తావేజులు తెలుగులోనే ఉంటాయి. అది అసైన్డ్ భూమి అయితే 1977 చట్టం అడ్డొస్తుంది. పేదలకు ప్రభుత్వం ఇచ్చిన ఆ భూముల బదిలీపై ఆ చట్టం నిషేధం విధించింది. ఈ సంగతి పాత దస్తావేజు చదివి పట్టుకోగల విద్యార్థి ఏ బృందానికైనా పనికొస్తాడు. ఇంగ్లిష్ ధాటిగా మాట్లాడలేనన్న బెరుకుతో ఈ బలాన్ని సీవీలో రాయనివారే ఎక్కువ.

దేన్ని చూసి మార్కులేస్తారు?

తెలివితేటల కన్నా ముందు నమ్మకం. ఉదాహరించిన తీర్పును పూర్తిగా చదివారా, దాన్ని పై కోర్టు తర్వాత కొట్టేసిందా, సెక్షన్‌కు సవరణ వచ్చిందా అన్నవి సరిచూసుకోవాలి. సమాధానం దొరకకపోతే ఎక్కడెక్కడ వెతికారో రాసి ‘దొరకలేదు’ అని చెప్పడం మంచి పనే. ఊహించి రాస్తే ఆ తప్పు సీనియర్ మీదుగా క్లయింటు దాకా వెళుతుంది. పని ఇచ్చినప్పుడే గడువు ఎంత, నోట్ ఎన్ని పేజీల్లో కావాలి అని అడిగేవారిని ఎవరూ తక్కువగా చూడరు.

కృత్రిమ మేధ వచ్చాక ఈ జాగ్రత్త ఇంకా అవసరమైంది. చాట్‌జీపీటీ సృష్టించిన లేని తీర్పులను కోర్టుకు సమర్పించినందుకు 2023లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు ఇద్దరు లాయర్లకు, వారి ఫర్మ్‌కు కలిపి 5,000 డాలర్ల జరిమానా వేసింది. ఎస్‌సీసీ ఆన్‌లైన్, మనుపాత్ర, ఇండియన్ కానూన్‌లలో ఏదో ఒకదానిలో అసలు తీర్పు తెరిచి చూడకుండా ఏ పేరూ నోట్‌లోకి ఎక్కించకూడదు.

ఇక రహస్యం. క్లయింటు చెప్పిన విషయాలు బయటపెట్టకూడదన్న నియమం భారతీయ సాక్ష్య అధినియం 132వ సెక్షన్‌లో ఉంది. న్యాయవాది గుమాస్తాలకూ ఉద్యోగులకూ అది వర్తిస్తుంది. లిస్టెడ్ కంపెనీ విలీనం గురించి ముందే తెలిసిన ఇంటర్న్ ఆ షేర్లు కొన్నా, స్నేహితుడి చెవిన వేసినా సెబీ 2015 ఇన్‌సైడర్ ట్రేడింగ్ నిబంధనల కిందికి వస్తారు. హాస్టల్ గదిలో గొప్పగా చెప్పుకునే కబురు కూడా కేసు కాగలదు.

ఇంటర్న్‌కు రక్షణ ఉందా?

కొంత ఉంది. పనిచేసే చోట లైంగిక వేధింపుల నిరోధక చట్టం, 2013లో ‘ఉద్యోగి’ నిర్వచనంలోకి ట్రైనీలు, అప్రెంటిస్‌లు కూడా వస్తారు. జీతం ఇస్తున్నారా లేదా అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. పది మంది, అంతకు మించి పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. సంఘటన జరిగిన మూడు నెలల్లోపు ఫిర్యాదు చేయాలి, తగిన కారణం ఉంటే కమిటీ మరో మూడు నెలలు పొడిగించవచ్చు. చేరిన రోజే ఆ కమిటీ సభ్యుల పేర్లు తెలుసుకోవడం మంచిది.

పని గంటల విషయంలో ఇలాంటి ఆసరా లేదు. రాత్రి పొద్దుపోయాక ఇంటికి పంపడం ఈ రంగంలో మామూలు విషయంగా చలామణి అవుతోంది.

అసలు అసమానత ఎక్కడ?

పెద్ద ఫర్మ్‌లు కొన్ని స్టైపెండ్ ఇస్తాయి. చాలాచోట్ల ఏమీ ఉండదు. ముంబయిలో నెల రోజులు ఉండాలంటే గది అద్దె, తిండి, లోకల్ రైలు, ఫార్మల్ దుస్తులు అన్నీ సొంత ఖర్చే. ఇలాంటి నెలలు మూడు నాలుగు గడిస్తే గానీ సీవీ నిండదు. నిండిన సీవీ ఉంటే గానీ పీపీఓ దాకా తీసుకెళ్లే ఇంటర్న్‌షిప్ రాదు. భరించగల ఇంటి పిల్లలు ఇక్కడే ముందుకెళ్లిపోతారు.

రెండో అడ్డు కాలేజీ పేరు. హైదరాబాద్‌లోని నల్సార్ విద్యార్థికి కమిటీ ద్వారా వచ్చే సీటు కోసం, అదే నగరంలో లాసెట్ రాసి మరో కాలేజీలో చేరిన విద్యార్థి పదుల సంఖ్యలో మెయిళ్లు పంపాల్సి వస్తుంది. అణగారిన వర్గాల పిల్లలను న్యాయ విశ్వవిద్యాలయాలకు చేర్చేందుకు ప్రొఫెసర్ షమ్నాద్ బషీర్ 2010లో ఐడీఐఏ అనే సంస్థను ప్రారంభించారు. కాలేజీలోకి చేర్చడంతో పని అయిపోదని, లోపల కూడా తోడు కావాలని ఆ సంస్థ అనుభవం చెబుతోంది.

బార్ కౌన్సిల్ 2024 అక్టోబరులో జూనియర్ న్యాయవాదులకు పట్టణాల్లో నెలకు కనీసం 20,000 రూపాయలు, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 రూపాయలు ఇవ్వాలని సిఫార్సు చేసింది. అది సిఫార్సు మాత్రమే, పైగా ఇంటర్న్‌లకు వర్తించదు. 20 వారాల పనిని తప్పనిసరి చేసిన సంస్థే ఆ పనికయ్యే ఖర్చు ఎవరు భరించాలో కూడా చెప్పాలి.

అప్పటిదాకా ఏం చేయాలి?

మొదటి రెండేళ్లు సొంత జిల్లా కోర్టులో ట్రయల్ న్యాయవాది దగ్గర చేయవచ్చు. ఖర్చు తక్కువ, తప్పనిసరి నిబంధనలో ట్రయల్ కోర్టు భాగమూ పూర్తవుతుంది. మూడో ఏడాదిలో హైదరాబాద్, అమరావతిలలోని జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ బెంచ్‌ల ముందు వాదించే న్యాయవాదుల దగ్గర చేరితే కంపెనీ చట్టం, దివాలా స్మృతి రెండూ పరిచయమవుతాయి. హైదరాబాద్‌లో కార్యాలయాలున్న పెద్ద ఫర్మ్‌లకు ఇక్కడినుంచే దరఖాస్తు చేయవచ్చు. ముంబయి, దిల్లీ ఖర్చును నాలుగో ఏడాదికి, పీపీఓ అవకాశం ఉన్న ఆ ఒక్క నెలకు దాచుకోవచ్చు.

పీపీఓ రాకపోతే దారి మూసుకుపోయినట్టు కాదు. కంపెనీల లీగల్ విభాగాలు, నియంత్రణ సంస్థలు, న్యాయమూర్తుల దగ్గర లా క్లర్క్ ఉద్యోగాలు, స్వతంత్ర ప్రాక్టీసు ఉన్నాయి. నాలుగు వారాల్లో రాసిన నోట్లలో క్లయింటు వివరాలేవీ బయటికి తెచ్చుకోకూడదు గానీ, వాటిని రాయడం నేర్చిన చెయ్యి తర్వాత ఎక్కడ కూర్చున్నా పనికొస్తుంది.