మన రోగం సింహానికి అంటింది

విశాఖపట్నం: పిచ్చికుక్క కరిస్తే ప్రాణం మీదికి వస్తుందని పల్లెలో పసివాడికీ తెలుసు. కాని మనిషి రోగం మృగానికి అంటుతుందంటే నమ్మేవారు తక్కువ. హైదరాబాదు నెహ్రూ జంతు ప్రదర్శనశాలలో 2021లో జరిగింది సరిగ్గా అదే.

కోవిడ్ రెండో విడత ఊళ్లను కుదిపేస్తున్న రోజులవి. అక్కడి సింహాలు ఊపిరికి ఇబ్బంది పడడం సిబ్బంది కంటబడింది. మత్తుమందు ఇచ్చి ఎనిమిది సింహాల ముక్కు, గొంతుల నుంచి నమూనాలు తీసి ఏప్రిల్ 24న సీసీఎంబీ వారి లాకోన్స్ ప్రయోగశాలకు అందజేశారు. ఎనిమిదింటికీ కోవిడేనని మే 4న తేలింది! అవి కోలుకున్నాయి. చెన్నై సమీపాన వండలూరులో మాత్రం జూన్ 3న నీలా అనే ఆడసింహం కన్నుమూసింది.

ఉక్కునగరం నుంచి ఆదివారం పిల్లలతో కంబాలకొండ పక్కనున్న ఇందిరాగాంధీ జంతు ప్రదర్శనశాలకు వెళ్లేవారు ఎందరో. అక్కడి పులి దగ్గితే వినడానికి కాపరి ఉన్నాడు. కొండమీది చిరుత దగ్గితే వినేదెవరు? అసలు చిక్కు ఇక్కడే ఉంది.

అమెరికాలో నాలుగు రాష్ట్రాల అడవి జింకల నుంచి తీసిన 481 రక్త నమూనాలను పరీక్షించగా మూడింట ఒక వంతులో ఈ వైరస్ సోకిన జాడ కనిపించింది. 2021లో ఈ సంగతి బయటపడేదాకా అవి జబ్బుపడినట్లు ఎవరికీ తెలియదు. వైరస్ అలా అడవిలో తిష్ఠవేసి, రూపు మార్చుకుని తిరిగి ఊళ్లోకి రావచ్చునన్నది శాస్త్రజ్ఞుల భయం. ఇది వట్టి ఊహ కాదు. డెన్మార్కులో బొచ్చు కోసం పెంచే మింక్ జంతువులకు మనుషుల నుంచి సోకి, వాటి నుంచి మళ్లీ మనుషులకు వచ్చింది. 2020 నవంబరులో కోటికి పైగా మింక్‌లను చంపవలసి వచ్చింది. పాపం, వాటి తప్పేముంది?

హిసార్‌లోని కేంద్ర పరిశోధనా సంస్థ జంతువులకు టీకా తయారుచేసింది. 2022 జూన్‌లో విడుదలైంది. బోనులోని జంతువుకు సూది వేయవచ్చు. అడవిలో అది కుదిరే పని కాదు. అందుకే నిఘా కావాలి. ప్రతి మృగాన్నీ పట్టి మత్తు ఇవ్వనక్కరలేదు, దాని పెంటను పరీక్షించినా వైరస్ జాడ దొరకవచ్చు.

కొండ అంచున గొడ్లను మేపేవారు కూడా ఈ నిఘాలో భాగస్థులే. నక్కో, కోతో చచ్చి పడి ఉంటే ముట్టుకోకుండా అటవీ సిబ్బందికి కబురు చేయాలి. దగ్గు, జ్వరం ఉన్నవారు కోతులకు ఎంగిలి అరటిపండు అందించడం మానుకోవాలి. జబ్బుగా ఉన్న రోజున జంతు ప్రదర్శనశాల ప్రయాణం కూడా వాయిదా వేసుకోవచ్చు.