తెర మీది కవచం ఒంటి మీదికి

తెనాలిలో సూర్య శిల్పశాల అని ఒకటి ఉంది. కాటూరి వెంకటేశ్వరరావుగారు, ఆయన కుమారుడు రవిచంద్రగారు అక్కడ ఇనుప తుక్కుతో విగ్రహాలు చేస్తారు. నట్లు, బోల్టులు, గొలుసులు, ఇలా పాత సామాన్ల కొట్లో కిలోల లెక్కన పోయే సరుకంతా వాళ్ళ చేతుల్లో ముఖంగా, భుజంగా, వేళ్ళుగా మారిపోతుంది. 2021లో ప్రధాని నరేంద్ర మోదీ విగ్రహాన్ని 14 అడుగుల ఎత్తున ఇలాగే చేశారు. అలాంటి ఇనుప మనిషి ముందు నిలబడిన ఏ కుర్రవాడికైనా, ఏ అమ్మాయికైనా ఒక కోరిక పుట్టక మానదు: దీన్ని తొడుక్కుని నడవగలిగితే ఎంత బాగుంటుంది! సినిమాల్లో అంతరిక్ష సైనికులు అలాగే కదా నడుస్తారు!

సరే, ముందు లెక్క వేద్దాం. 150 సెంటీమీటర్ల ఎత్తు, 42 కిలోల బరువు ఉన్న విద్యార్థి శరీరపు పైతలం సుమారు 1.3 చదరపు మీటర్లు. కవచం అందులో మూడింట రెండు వంతులు కప్పుతుందనుకుంటే 0.9 చదరపు మీటరు. ఒక మిల్లీమీటరు మందం ఉన్న ఇనుప రేకుతో చేస్తే 900 ఘన సెంటీమీటర్ల ఇనుము కావాలి. ఇనుము సాంద్రత 7.9 కాబట్టి బరువు 7 కిలోలు దాటుతుంది. అంత పలచని రేకు ఒక్క దెబ్బకు సొట్టపడుతుంది కూడా. నిజంగా యుద్ధాల్లో వాడిన నిలువెత్తు ఉక్కు కవచాలు 15 నుంచి 25 కిలోల దాకా ఉండేవి. పుస్తకాల సంచీ బరువని గోలపెట్టే మనకు అది కుదిరే పని కాదు.

మరి సినిమావాళ్ళు ఏం చేశారు?

1977లో వచ్చిన 'స్టార్ వార్స్' సినిమాలో తెల్లటి కవచాల సైనికులు మీలో చాలామందికి తెలుసు. ఆ కవచాల్లో లోహం లేదు. ఎ.బి.ఎస్. అనే ప్లాస్టిక్ షీటును వేడిచేసి, మెత్తబడగానే అచ్చు మీద పరిచి, కింది నుంచి గాలిని పంపుతో లాగేశారు. షీటును అచ్చుకు అదిమింది ఏ యంత్రమూ కాదు, మన చుట్టూ ఉన్న గాలి! వాతావరణ పీడనం ప్రతి చదరపు సెంటీమీటరు మీద సుమారు ఒక కిలో బరువుతో సమానమని మీరు పాఠంలో చదివే ఉంటారు. 30 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న ఛాతీ పలక మీద అది 900 కిలోలు. షీటు కింద గాలి లేకపోతే ఆ బరువంతా దాన్ని అచ్చుకు హత్తుకునేలా చేస్తుంది. రెండు మిల్లీమీటర్ల ఎ.బి.ఎస్.తో మన లెక్క ప్రకారం మొత్తం కవచం 2 కిలోల లోపే. చూడ్డానికి మాత్రం ఉక్కు!

ఆ శిరస్త్రాణాల మీద ఇంగ్లండులో పెద్ద దావా నడిచింది. అది శిల్పమా, కాదా అన్నది ప్రశ్న. శిల్పం కాదని, సినిమా తీయడానికి వాడుకునే వస్తువని 2011లో అక్కడి సుప్రీం కోర్టు తేల్చింది. తెనాలిలో తుక్కుతో చేసింది శిల్పం, లండనులో ప్లాస్టిక్‌తో చేసింది వస్తువు. నాకైతే ఈ తేడా అంత తేలిగ్గా మింగుడుపడలేదు. కానీ తొడుక్కునేవాడికి తీర్పు సబబే అనిపిస్తుంది. శిల్పాన్ని చూస్తే చాలు. కవచంలో మనిషి పట్టాలి, మెడ తిప్పాలి, మెట్లు ఎక్కాలి.

తెర మీద ఉన్నది ఉన్నట్టు కవచాలు చేసి తొడుక్కునేవాళ్ళకు సంఘాలు కూడా ఉన్నాయి. 1997లో అమెరికాలో ఆల్బిన్ జాన్సన్ మొదలుపెట్టిన 501వ లీజియన్ వాటిలో ఒకటి. అక్కడ పలకల వంపులు, పట్టీలు, రంగుల ఛాయలు అన్నీ సినిమాతో సరిపోల్చి చూస్తారు.

ఇదంతా మనకు కొత్త విద్యేమీ కాదు. తెనాలి, బాపట్ల ప్రాంతం నాటకాల సీమ. రాయబారం సీనులో దుర్యోధనుడి కిరీటం, భుజకీర్తులు బంగారమని ముందు వరసలో కూర్చున్నవాళ్ళు కూడా నమ్ముతారు. దగ్గరికి వెళ్ళి తడితే అట్ట, గుడ్డ, మెరుపు కాగితం! బాపట్లలో 1902లో పుట్టిన స్థానం నరసింహారావుగారు తెనాలి శ్రీరామ విలాస సభలో సత్యభామ వేషం కట్టి ఆంధ్రదేశాన్నంతా మెప్పించారు. 1956లో పద్మశ్రీ అందుకున్నారు. వేషంలో ఎంత భాగం వస్తువుదో, ఎంత భాగం నడకదో ఆయనకు బాగా తెలుసు. ఆ సంగతికి చివర్లో మళ్ళీ వద్దాం.

కొలతలు ముందు, కత్తెర తర్వాత

మొదలుపెట్టేవాళ్ళు చేసే మొదటి తప్పు షీటు కొని కత్తిరించడం. మొదట కావలసింది ఒక మంచి బొమ్మ, ఒక దర్జీ టేపు. పాత్ర నిటారుగా, ఎదురుగా నిలబడి, కెమెరా దూరంగా ఉన్న బొమ్మను ఎంచుకోండి. కెమెరాను నేల దగ్గర పెట్టి తీసిన బొమ్మలో కాళ్ళు పొడుగ్గా, తల చిన్నగా కనిపిస్తాయి. దాన్ని నమ్మితే మోసపోతారు.

బొమ్మలో తల నుంచి మడమ దాకా 12 సెంటీమీటర్లు, ఛాతీ పలక ఎత్తు 2.4 సెంటీమీటర్లు అనుకోండి. అంటే పలక ఎత్తు మనిషి ఎత్తులో అయిదో వంతు. మీరు 150 సెంటీమీటర్లయితే మీ పలక 30 సెంటీమీటర్లు. గణితంలో నిష్పత్తులు ఎందుకు నేర్పారో ఇక్కడ తెలుస్తుంది.

శిరస్త్రాణానికి మాత్రం ఈ లెక్క పనికిరాదు. నేను మొదటిసారి అలాగే చేసి, అది చెవుల దగ్గర ఇరుక్కుపోయి, బయటకు లాగడానికి అమ్మ కొబ్బరినూనె సీసా తేవలసి వచ్చింది. కారణం తర్వాత బోధపడింది. పెద్దల తల వాళ్ళ ఎత్తులో సుమారు ఏడున్నరో వంతు. మీ వయసులో అది ఇంకా పెద్ద వంతు. తల త్వరగా ఎదిగిపోతుంది, కాళ్ళు నెమ్మదిగా అందుకుంటాయి. కాబట్టి సినిమా నటుడి కొలతలను మీ ఎత్తుకు తగ్గిస్తే శిరస్త్రాణం మీ తలకు బిగుతైపోతుంది. మీ తల చుట్టుకొలత టేపుతో తీసి, లోపల మెత్తకు చోటు కలిపి, దాన్నిబట్టి చేయండి. కొలతల్లో తెరకూ ఒంటికీ తగాదా వస్తే ఒంటి పక్షాన నిలబడటమే నా పద్ధతి.

కొలతలయ్యాక పాత వార్తాపత్రికలతో మొత్తం కవచం ఒకసారి చేసి చూడండి. కాగితం ఒకవైపే వంగుతుంది, గొట్టంలా చుట్టుకుంటుంది. గిన్నెలా రెండు వైపులా వంచబోతే ముడతలు పడుతుంది. బత్తాయి తొక్కను బల్లమీద చదునుగా పరచబోతే చిరిగిపోయేది ఇందుకే. దర్జీలు ఈ చిక్కును ఏనాడో తీర్చారు. జాకెట్టుకు వేసే డాట్లు చూడండి: కొసగా ఉన్న ముక్కను తీసేసి అంచులు కలిపితే చదును గుడ్డ గుండ్రమవుతుంది. భుజం పలక, మోకాటి చిప్ప చేసేదీ ఆ పద్ధతిలోనే. మీ వీధి దర్జీ దగ్గర ఒక సాయంత్రం కూర్చుంటే చాలా నేర్చుకోవచ్చు.

ఇక సరుకు. ఎ.బి.ఎస్. షీటును అచ్చుపోయడం ఇంట్లో జరిగే పని కాదు. మొదలుపెట్టేవాళ్ళకు ఇ.వి.ఎ. నురుగు షీటు మేలు. పసిపిల్లలు ఆడుకోవడానికి నేలమీద పరిచే రంగుల ముక్కలు చూశారు కదా, అదే. చాలా చెప్పుల అట్టలూ ఆ జాతివే. ప్లాస్టిక్ నిండా మూసుకుపోయిన సన్నటి గాలి బుడగలు ఉంటాయి గనుక ఘన సెంటీమీటరు బరువు 0.1 గ్రాము ప్రాంతంలో ఉంటుంది. పది మిల్లీమీటర్ల మందంతో మన కవచమంతా చేస్తే ఒక కిలో లోపే! నీళ్ళు మరిగే వేడికి ముందే ఇది మెత్తబడుతుంది. అప్పుడు వంచి, చల్లారేదాకా పట్టుకుంటే ఆ వంపు నిలిచిపోతుంది. వేడిగాలి యంత్రం వాడేటప్పుడు పక్కన పెద్దవాళ్ళు ఉండాలి. షీటు మాడి పొగ వచ్చిందంటే వేడి ఎక్కువైందన్నమాట.

అతికించడానికి చెప్పులు కుట్టేవారు వాడే రబ్బరు జిగురు మంచిది. రెండు అంచులకూ పలచగా రాసి, వేలికి అంటనంతగా ఆరాక కలిపి నొక్కాలి. తడిగా ఉండగానే కలిపితే ఊడివస్తుంది. ఈ జిగురు నుంచి వచ్చే ఆవిరి తల తిప్పుతుంది, నిప్పు దగ్గరుంటే అంటుకుంటుంది. కాబట్టి గదిలో కాదు, గాలి ఆడే వసారాలో కూర్చోండి. దుమ్ముకు కట్టుకునే గుడ్డ ఈ ఆవిరిని ఆపదు. దీన్ని థర్మోకోల్‌కు రాస్తే అది కరిగిపోతుంది కూడా.

రంగు వేసేముందు నీళ్ళు కలిపిన ఫెవికాల్ మూడు నాలుగు పూతలు వేసి ఆరనివ్వండి. లేకపోతే నురుగు రంగును పీల్చేస్తుంది. లోహంలా కనిపించాలంటే మొదట నల్లరంగు, పైన వెండిరంగు. అంచుల్లో, మూలల్లో వెండి కాస్త ఎక్కువ. నిజమైన ఇనుము కూడా ముందు అంచుల దగ్గరే అరిగి మెరుస్తుంది, మన కంటికి ఆ సంగతి అలవాటు.

రొయ్య చెప్పే పాఠం

తెనాలిలో రేపల్లె రైలెక్కి చివరిదాకా వెళ్ళితే సముద్రతీరపు ఊళ్ళు దగ్గరవుతాయి. నిజాంపట్నం రేవు అటువైపే. అక్కడ రొయ్యను చేతిలోకి తీసుకుని వంచి చూడండి. ఒంటినిండా గట్టి పెంకే, అయినా ఎంత చక్కగా ముడుచుకుంటుంది! పెంకు ఒకే ముక్క కాకపోవడమే కారణం. కట్లు కట్లుగా ఉండి, ఒకదాని కిందికి ఒకటి జారుతుంది, కట్లకు మధ్య మెత్తని పొర ఉంటుంది. మీ కవచాన్నీ మోచేయి, మోకాలు, చంక, నడుము దగ్గర విడగొట్టాలి. రెండు వేళ్ళు పట్టేంత సందు వదిలి, వెడల్పు ఎలాస్టిక్ పట్టీలతో కలపాలి. ఒళ్ళు పెరిగితే రొయ్య పెంకు విడిచి కొత్తది తొడుక్కుంటుంది. మీరూ పెరుగుతున్నారు, అందుకే పట్టీలకు బకిల్ పెట్టి ఒకటి రెండు అంగుళాలు వదులు ఉంచండి.

ఈ జాగ్రత్త లేకపోతే ఏమవుతుందో 'స్టార్ వార్స్'లో బంగారు మరమనిషి వేషం వేసిన ఆంథొనీ డేనియల్స్‌ను అడగాలి. 1976 మార్చిలో ట్యునీసియా ఎడారిలో షూటింగు మొదటిరోజే ఆయన కాలి పలక పగిలి పాదంలో గుచ్చుకుంది. ఆ వేషంలో ఆయన కూర్చోలేకపోయేవాడు కూడా. అదే సినిమాలో ఒక తెల్ల కవచం సైనికుడు తలుపు పైఅంచుకు తల కొట్టుకుంటాడు. శిరస్త్రాణంలోంచి సరిగా కనిపించదు మరి!

అదే రేవులో ఇంకో సంగతి ఉంది. చేపలను ఐసుతో సహా థర్మోకోల్ పెట్టెల్లో పెట్టి దూరప్రాంతాలకు పంపుతారు. నురుగులోని గాలి బుడగలు బయటి వేడిని లోపలికి రానివ్వవు. మన ఇ.వి.ఎ. షీటూ నురుగే కదా. అది లోపలి వేడిని బయటకు పోనివ్వదు! కవచం తొడుక్కున్న మనిషి ఐసుపెట్టెలో పెట్టిన పొయ్యిలాంటివాడు.

నడుస్తున్న పెద్ద మనిషి శరీరం రెండు మూడు వంద వాట్ల బల్బులంత వేడి పుట్టిస్తుంది. ఆ వేడిని మోసుకుపోయేది చెమట. ఒక్క గ్రాము చెమట ఆవిరైతే సుమారు 580 కెలోరీల వేడి పోతుంది. కానీ చెమట కారితే చాలదు, ఆవిరి కావాలి. బాపట్ల సూర్యలంక తీరాన మే నెలలో నిలబడి చూడండి. గాలిలో అసలే తేమ ఎక్కువ, చొక్కా ఆరదు. దాని మీద నురుగు కవచం కూడా వేస్తే చెమట లోపలే కారి, ఒంటి వేడి పెరుగుతూ పోతుంది. తలనొప్పి, కళ్ళు తిరగడం, వాంతి వచ్చేలా ఉండటం కనిపిస్తే అప్పటికప్పుడు కవచం విప్పి, నీడలో కూర్చోబెట్టి, నీళ్ళు తాగించి, ఒళ్ళు తడిపి విసరాలి. మాట తడబడితే, స్పృహ తప్పుతుంటే నోట్లో నీళ్ళు పోయకుండా 108కి ఫోను చేయాలి. దీన్ని వేషం సరదాలో తేలిగ్గా తీసుకోవద్దు.

అందుకే గాలిదారులు మొదటి కాగితం నమూనాలోనే గీసుకోవాలి. కింద నడుము దగ్గర సందు, పైన మెడ దగ్గర సందు ఉంటే వేడిగాలి పైకి పోతూ కిందినుంచి చల్లగాలిని లాగుతుంది, పొగగొట్టంలో లాగే. శిరస్త్రాణం వెనుక పాత కంప్యూటరు ఫ్యాను ఒకటి బ్యాటరీతో అమర్చవచ్చు. లోపల పలచని నూలు చొక్కా వేసుకోండి. ఎప్పుడూ ఒక స్నేహితుడు పక్కన ఉండాలి, పావుగంటకొకసారి తల విప్పాలి. ప్రదర్శన డిసెంబరు, జనవరి సాయంత్రాల్లో అయితే మరీ మంచిది. సైన్సు ఫెయిర్లూ స్కూలు వార్షికోత్సవాలూ ఎలాగూ అప్పుడే ఎక్కువ.

చివరిగా నడక. మీ కవచం కిలో బరువే, కానీ చూసేవాళ్ళు 20 కిలోలనుకోవాలి. బరువు మోసేవాడు అడుగు చిన్నగా వేస్తాడు, మడమ గట్టిగా ఆనిస్తాడు, తిరగాలంటే మెడ ఒక్కటే కాక భుజాలతో సహా తిరుగుతాడు. అయిదారు కిలోల బియ్యం సంచీ భుజాన వేసుకుని వసారాలో పది నిమిషాలు నడిచి చూడండి. మోకాళ్ళు, నడుము ఏం చేస్తున్నాయో గుర్తుపెట్టుకోండి. తర్వాత సంచీ దించి, కవచం తొడిగి, మళ్ళీ అలాగే నడవండి. మీ చెల్లెల్నో తమ్ముణ్ణో గుమ్మంలో కూర్చోబెట్టి, బరువుగా ఉన్నట్టుందా లేదా అని అడగండి. వాళ్ళు మొహమాటపడరు.