దగ్గు తగ్గితే టీబీ తగ్గినట్టేనా?

"దగ్గు పోయింది గద సారూ, ఇంక గోలీలెందుకని ఆపేసిన."

భద్రాచలం అవతల, ఛత్తీస్‌గఢ్ సరిహద్దు అడవిలోని ఒక గూడెం నుంచి వచ్చిన కోయ యువకుడి మాట ఇది. రెండు నెలలు మందు వాడాడు. దగ్గు పోయింది, ఆకలి పుట్టింది, కాస్త ఒళ్లు చేశాడు. మిరపకాయలు ఏరే కూలికి ఖమ్మం వైపు పోతూ గోలీలు ఇంట్లోనే వదిలేశాడు. నాలుగు నెలల తర్వాత కళ్లెలో నెత్తుటి చారలతో నా ముందు కూర్చున్నాడు.

అతన్ని కోప్పడలేకపోయాను. బాగైనాక మందెందుకన్నది న్యాయమైన ప్రశ్నే. మందు ఒంట్లో ఎలా పనిచేస్తుందో తెలిస్తే గాని దానికి జవాబు దొరకదు. ఆ పరిశోధనలో ఏళ్లు గడిపిన తెలుగు శాస్త్రజ్ఞుడు పి.ఆర్.జె. గంగాధరం.

1956లో మద్రాసులో క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం వెలిసింది. అప్పట్లో టీబీ అంటే శానిటోరియంలో నెలల తరబడి మంచాన ఉండటమే. ఇరుకు ఇంట్లో ఉండే పేదవానికి మందుతోనే నయమవుతుందా? రోగులను రెండు జట్లు చేసి చూశారు. ఇంట్లో మందు వాడినవారికీ ఇంచుమించు అంత బాగానూ నయమైందనీ, వారి కుటుంబాలకు జబ్బు అదనంగా అంటలేదనీ 1959లో వెల్లడైంది. నేడు గూడెంలోనే ఉండి మందు తీసుకోగలుగుతున్నారంటే ఆ పరీక్ష చలవే.

గంగాధరం ఆ కేంద్రంలోనే పనిచేశారు. ఐసోనియాజిడ్ మందు రోగుల నెత్తురులో ఎంత చేరుతుందో, ఎంతసేపు నిలుస్తుందో సహచరులతో కలిసి కొలిచి 1961లో ప్రకటించారు. ఈ మందును కాలేయం విరిచేస్తుంది. కొందరిలో వేగంగా, కొందరిలో నిదానంగా. ఇది పుట్టుకతో వచ్చే గుణం. రోజూ సరైన మందులు కలిపి వాడేవారికి ఈ తేడా పెద్దగా అడ్డు రాదు. వారానికోసారి మాత్రమే మందిచ్చి చూసినప్పుడు మాత్రం, వేగంగా విరిచేసేవారిలో గుణం తక్కువగా కనిపించింది. అంటే మోతాదుకూ మోతాదుకూ మధ్య ఎడం పెరిగితే లాభపడేది సూక్ష్మజీవే!

తర్వాత ఆయన అమెరికాలోని డెన్వర్‌లో పరిశోధన సాగించారు. రక్షణ కణాల్లో పుట్టు లోపమున్న 'బీజ్' జాతి చిట్టెలుకలకు క్షయ క్రిమికి దాయాదుల వంటి సూక్ష్మజీవులు సులువుగా సోకుతాయని 1983లో ఆయన బృందం చూపింది. మందుతో పాటు ఒంటి రక్షణశక్తీ ముఖ్యమే మరి. రోజూ మింగే బాధ తప్పించాలని, ఒంట్లో పెడితే ఐసోనియాజిడ్‌ను కొద్దికొద్దిగా విడిచే పదార్థాన్ని కూడా జంతువుల్లో పరీక్షించి 1991లో ప్రకటించారు. అది ఇంకా మన ఆసుపత్రులకు రాలేదు. కనుక రోజూ మింగక తప్పదు.

మొదటి వారాల్లోనే చాలా క్రిములు చస్తాయి. అందుకే దగ్గు తగ్గుతుంది. మిగిలిన కొన్ని నిద్రపోతున్నట్టు పడి ఉంటాయి. మందు ఆపితే అవే లేస్తాయి. తప్పి తప్పి వాడితే మందుకు లొంగని మొండి క్రిములు తయారవుతాయి. మామూలు టీబీకి ఆరు నెలల మందు అందుకే.

గుర్తుంచుకోండి:

రెండు వారాలు దాటిన దగ్గుకు కళ్లె పరీక్ష చేయించండి. ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్ష, మందు ఉచితం.

మూత్రం ఎర్రగా వస్తే భయపడకండి, అది మందు రంగే. కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకున్నా, కాళ్లు తిమ్మిరెక్కి మండినా వెంటనే డాక్టరుకు చూపించండి.

సారా మానండి. పప్పు, గుడ్లు, పల్లీలు తినండి. పోషణకు నెలకు ఇచ్చే 500 రూపాయలను ప్రభుత్వం 2024 నవంబరు నుంచి 1000 చేసింది.

ఇంట్లో అందరికీ, ముఖ్యంగా పసిపిల్లలకు, పరీక్ష చేయించండి.

కూలికి ఊరు దాటుతుంటే ఆశా కార్యకర్తకు చెప్పండి. వెళ్లిన చోటే మందు అందే ఏర్పాటు చేస్తారు.

ఆ యువకుడికి మళ్లీ పరీక్ష చేశాం. అదృష్టవశాత్తూ క్రిమి మందుకు లొంగేదే. మళ్లీ మొదటి నుంచి ఆరు నెలలు! "ఈసారి ఏడికి పోయినా గోలీలు నా సంచిలనే ఉంటయి సారూ" అన్నాడు. ఆ మాట మీరూ అనగలిగితే సగం జబ్బు పోయినట్టే. మిగతా సగం గోలీలు చూసుకుంటాయి.