కొండవాలు పేటల సమితులు

1933లో విశాఖ రేవు తెరువబడినది. 1941లో నౌకా నిర్మాణశాలకును, 1971లో ఉక్కు కర్మాగారమునకును పునాదులు పడినవి. పనికై వచ్చిన వారందరికిని ఇండ్లు దొరకలేదు. కొండవాలులందును, మురుగుకాలువల యొడ్డునను గుడిసెలు వెలసినవి. సరకులెత్తిన చేతులే ఆ మట్టిగోడలను లేపినవి.

1967లో హైదరాబాదున మొదలైన పట్టణ సమాజాభివృద్ధి పద్ధతి పిమ్మట విశాఖకును వచ్చినది. 1988లో బ్రిటిషు ప్రభుత్వ ధనసహాయముతో మురికివాడల అభివృద్ధి పథకము ఆరంభమై సుమారు ఎనిమిదేండ్లు నడచినది. కాలిబాటలు, కుళాయిలు, వీధిదీపములు వచ్చిన మాట అటుండనిండు. విశేషము వేరొకటి కలదు. పేటపేటకును నివాసుల సమితి యేర్పడినది. సమాజమందిరము నిర్వహించు భారము ఆ సమితిదే. పగలు పిల్లలకు బాలవాడి, స్త్రీలకు కుట్టుపని, పెద్దలకు అక్షరాభ్యాసము అన్నియు ఆ కప్పు క్రిందనే. ఉపాధ్యాయులకు ఈ దృశ్యము క్రొత్తది కాదు.

అయితే కాలువ ఏ దారిని పోవలెనో నిర్ణయించినది తరచు ఇంజనీర్లే. సమితిని అడిగినది చాలవరకు సమ్మతికొరకే యని తరువాత పరిశీలించిన వారు వ్రాసిరి. పథకము ముగిసిన పిదప మరమ్మతుల చిక్కు వచ్చినది. మందిరపు తాళపుచెవి సమితి వద్ద నున్నను, కాలువ బాగుచేయు పైకము నగరపాలక సంస్థ యొద్దనే యుండెను. తాళపుచెవిని మాత్రమే అప్పగించుట అధికారమును పంచుట యనిపించుకొనునా?

1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ 3 లక్షలు, అంతకు మించిన జనాభా గల నగరములకు వార్డు సంఘములను విధించినది. కాని వార్డు పెద్దది. కుళాయి చెడునది పేటలో.