ఒక సజ్జ గింజ చేసిన ప్రయాణం

పండుగ బట్టలకో, పిల్లల పుస్తకాలకో అబిడ్స్, నాంపల్లి వచ్చే మన గ్రామ కుటుంబాలు ఆ సందడిలోనే పని ముగించుకొని తిరుగు బస్సు ఎక్కుతారు. అక్కడినుండి ముంబయి రోడ్డు మీద సుమారు 30 కిలోమీటర్లు వెళితే పటాన్‌చెరు. 1972లో ఏర్పడిన మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధనా సంస్థ, ఇక్రిశాట్, అక్కడే ఉన్నది.

ఆఫ్రికా సేద్యం అనగానే మనకు కరువు, ధాన్యపు ఓడలు గుర్తుకు వస్తాయి. ఇచ్చేవారొకరు, చేయి చాచేవారొకరు అనుకుంటాము. కాని ఈ సజ్జ గింజ కథ వేరు.

సజ్జకు పుట్టిల్లు పశ్చిమాఫ్రికా. వేల ఏండ్ల క్రిందటే అది మన దేశానికి వచ్చి, మన అవ్వల చేతిలో రొట్టె, సంకటి అయినది. 1970 దశకంలో మన సంకర సజ్జలు వెర్రికంకి తెగులుకు దెబ్బతిన్నవి. శాస్త్రజ్ఞులు మళ్లీ ఆ పుట్టింటి వైపే చూచారు. ఉత్తర టోగో రైతులు తరతరాలుగా కాపాడుకొన్న 'ఇనియాది' నాటు సజ్జకు గింజ లావు, పంటకాలం తక్కువ. దానినుండి పటాన్‌చెరులో ఎంపిక చేసిన ఐ.సి.టి.పి. 8203 రకం 1988లో మహారాష్ట్ర, ఆంధ్రప్రదేశ్ రైతులకు అందినది. అంటే ముందుగా చేయి చాచినది మనమే!

అదే సంతతి గింజ తిరిగి ఆఫ్రికాకు, ఈసారి దక్షిణాన ఉన్న నమీబియాకు వెళ్లినది. ఆ దేశపు ఉత్తర ప్రాంతంలో సజ్జను 'మహాంగు' అంటారు. అదే వారి ముఖ్యాహారం. 1870లో ఫిన్లాండు మిషనరీలు అడుగుపెట్టిన ఆ సీమలో నేటికీ లూథరన్ సంఘాలు బలమైనవి. అక్కడివి ఇసుక నేలలు, త్వరగా ముగిసే వానలు. నాటు మహాంగు పండేసరికి తేమ ఉండదు. పరీక్షకు వేసిన రకాలను రైతులే పొలంలో చూచి, తమకు నచ్చినది ఎన్నుకొన్నారు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన 1990 ప్రాంతంలో ఆ రకం 'ఓకషానా-1' పేరుతో విడుదలైనది. నాటు రకంకంటే కొన్ని వారాలు ముందే కోతకు వస్తుంది. 1990 దశకం చివరికి ఆ దేశపు సజ్జ పొలాలలో దాదాపు సగం దానిదే.

ఇందులో మనకొక పాఠం ఉన్నది. ఇవి సంకర రకాలు కావు. రైతు విత్తనం దాచుకోవచ్చును. అయితే సజ్జ పుప్పొడి గాలికి ప్రక్క చేలకు ఎగిరిపోతుంది. కనుక విత్తనపు కంకులను గట్టు ప్రక్కన గాక, చేను నడుమనుండి తీయాలి. తెగులు లేనివి, నిండుగా ఉన్నవి ఏరి, విడిగా ఎండబెట్టాలి.

యోసేపు కరువు కాలానికి ధాన్యం దాచినట్లే పటాన్‌చెరు విత్తన నిధిలో 1,20,000కు పైగా నమూనాలు దాచబడి ఉన్నవి. అందులో చాలా గింజలు ఎవరో ఒక రైతు ఇంటినుండి వచ్చినవే. ఐ.సి.టి.పి. 8203 నుండే ఇనుము ఎక్కువగా గల 'ధనశక్తి' సజ్జను తీసి మహారాష్ట్రలో విడుదల చేశారు. టోగోలో ఆ పాత గింజను పనికిరాదని పారవేసి ఉంటే ఇవేవీ లేవు.

మీ ఇంటి అటకమీద, అవ్వ దాచిన కుండలో ఏ గింజ ఉన్నదో ఈ సాయంత్రం ఒకసారి అడిగి చూడండి. అది ఏ దేశపు బిడ్డల ఆకలి తీర్చనున్నదో ఎవరికి తెలుసు!