సొంత నేలకు దూరంగా ఏడేళ్లు

ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ ఉత్తర తీరాన, కుక్‌టౌన్‌కు పైన కేప్ బెడ్‌ఫర్డ్ ఉంది. గూగు యిమిథిర్ ఆదివాసులు తరతరాలుగా బతికిన నేల అది. 1886లో అక్కడ క్రైస్తవ మిషన్ వెలిసింది. 1942 మే 17న ఆ ఊరు మొత్తాన్నీ ఖాళీ చేయించారు.

జపాన్‌తో యుద్ధం ఉత్తర తీరం దాకా వచ్చిన రోజులవి. మిషన్ నడిపే పాస్టరు జర్మనీలో పుట్టినవాడు కావడంతో ఆయన్ని నిర్బంధించారు. ఆ అనుమానమే ఊరందరి నెత్తిన పడింది. శత్రువుకు సాయపడతారన్నారు. ఎవరి మీదా నేరం మోపలేదు, విచారణ జరపలేదు. ఎక్కడికి తీసుకెళ్తున్నారో కూడా తమవాళ్లకు చెప్పలేదని ఆ కుటుంబాలు నేటికీ బాధపడతాయి.

చేతికందినవి మూటగట్టుకుని జనం లారీలెక్కారు. కుక్‌టౌన్ నుంచి ఓడలో కెయిర్న్స్‌కు, అక్కడి నుంచి రైల్లో దక్షిణానికి తరలించారు. ముసలివాళ్లలో కొందరిని అయినవాళ్ల నుంచి విడదీసి పామ్ ఐలాండ్‌కు పంపారు. మిగతావారిని వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరాన వూరబిండా అనే చోట దించారు.

చేప, తాబేలు తిని పెరిగిన మనుషులకు అక్కడ సముద్రమే లేదు. పైగా చలికాలం. వెచ్చటి తీరానికి అలవాటుపడ్డ ఒంటి మీద పల్చటి బట్టలు. మొదటి నెలలోనే 28 మంది చనిపోయారు. ఏడాది తిరిగేసరికి వచ్చినవారిలో దాదాపు నాలుగోవంతు మంది లేరు. బతికినవాళ్లు అయినవాళ్లను పరాయి మట్టిలో పూడ్చారు.

1945లో యుద్ధం ముగిసింది. వీళ్లను మాత్రం వెంటనే ఇంటికి పంపలేదు. ఇంకో నాలుగేళ్లు ఎదురుచూశాక, 1949లో తిరుగుదారి దొరికింది. అదీ పాత ఊరికి కాదు. తీరానికి ఎడంగా, లోపలి భూమిలో చెట్లు కొట్టుకుని కొత్తగా ఇళ్లు కట్టుకోవాల్సి వచ్చింది. అదే నేటి హోప్ వేల్. ఆ నేల మీద వారి సంప్రదాయ హక్కును చట్టం గుర్తించేసరికి 1997 వచ్చింది. అంటే, ఊరు ఖాళీ చేయించిన 55 ఏళ్లకు.

తాతలు చేసిన తప్పేమిటన్న ప్రశ్న ఎనభై ఏళ్లు దాటినా ఆ ఇళ్లలో అలాగే ఉంది. ఏ తప్పూ లేదు. నేరం చూపకుండా ఊరంతటినీ శిక్షించడం యుద్ధకాలంలోనైనా అన్యాయమే. ఆ చావులకు జవాబు చెప్పాల్సింది తరలించినవాళ్లే.