గాలి గట్టిగా ఉంది.. పడవ దించుదామా?

ట్యాంక్‌బండ్‌ మీదుగా వెళ్తూ హుస్సేన్‌సాగర్‌లో చిన్న చిన్న తెల్ల తెరచాపలు మీరు చూసే ఉంటారు. అవి డింగీలు. ఇంజిన్‌ ఉండదు, ఒకరో ఇద్దరో నడుపుతారు. ఇక్కడ పెద్ద పోటీలు పెట్టేది కూడా జులై ప్రాంతంలోనే, నైరుతి గాలులు బాగా వీచే కాలంలో. అంటే ఈ ఆటకు గాలే పెట్టుబడి. మరి వీకెండ్‌ కోర్సు ఇప్పుడే పూర్తిచేసిన మీకు అదే గాలి ఎప్పుడు ‘ఎక్కువ’ అవుతుంది? ఆ మాట మీ తరఫున ఇంకొకరు చెప్పరు. రేసులో దిగాలా, కొనసాగాలా అన్న బాధ్యత పూర్తిగా ఆ పడవదేనని అంతర్జాతీయ రేసింగ్‌ నియమావళే తేల్చేసింది. నిర్వాహకులు ఆపలేదు కాబట్టి దిగాను అంటే కుదరదు.

ముందు లెక్క చూద్దాం. వాతావరణ యాప్‌లో గాలి వేగాన్ని నాట్స్‌లోకి మార్చుకోండి. ఒక నాట్‌ అంటే గంటకు 1.852 కి.మీ. యాప్‌ రెండు అంకెలు చూపిస్తుంది: సగటు వేగం, విసురు. చాలామంది మొదటిదే చూస్తారు. సగటు 14, విసురు 22 అని ఉంటే మీరు సిద్ధపడాల్సింది 22కి, ఎందుకంటే పడవను బోల్తా కొట్టించేది విసురే. పైగా తెరచాప మీద ఒత్తిడి గాలి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 10 నాట్స్‌ కాస్తా 20 అయితే ఒత్తిడి రెండింతలు కాదు, నాలుగింతలు.

వాతావరణ శాఖ బులెటిన్‌లో ‘ఉరుములు, మెరుపులతో గంటకు 30-40 కి.మీ. వేగంతో ఈదురుగాలులు’ అని వస్తుంటుంది కదా. 40 కి.మీ. అంటే దాదాపు 22 నాట్స్‌. అయినా అక్కడ పట్టించుకోవాల్సింది అంకెను కాదు, ఉరుములు అన్న మాటను. గాలి దిశ ఉన్నట్టుండి మారిపోతుంది, నీళ్ల మధ్య అందరికన్నా ఎత్తుగా ఉండేది మీ మాస్టే. ఆ రోజు చర్చే అక్కర్లేదు.

ఇక ఒడ్డున నిలబడి చూసేటప్పుడు కళ్లను పూర్తిగా నమ్మకండి. బోఫోర్ట్‌ స్కేల్‌ ప్రకారం 11-16 నాట్స్‌ గాలిలో తెల్ల నురగలు తరచుగా కనిపిస్తాయి. అది సముద్రానికి రాసిన లెక్క. చెరువులో అల లేవడానికి అంత జాగా ఉండదు. గాలి మీ వీపు వైపు నుంచి నీళ్ల మీదికి వీస్తుంటే ఒడ్డు దగ్గర నీళ్లు అద్దంలా ఉంటాయి. లోపలికి వెళ్లాకే అసలు గాలి తగులుతుంది, ఇంటికి రావాలంటే దానికి ఎదురెక్కాలి. గాలితో పాటు పోతున్నంతసేపూ అది తక్కువగానే అనిపిస్తుంది కూడా. పడవ తిప్పాకే తెలిసొస్తుంది.

మీ బరువూ లెక్కలోకి వస్తుంది. పడవ ఒరగకుండా ఆపేది అంచు మీద కూర్చుని బయటికి వాలే మనిషే. ఇల్కా 7 తెరచాప 7.06 చదరపు మీటర్లు. 55 కిలోల మనిషి గట్టి గాలిలో దాన్ని ఆపడం కష్టం. అదే పడవకు ఇల్కా 6, ఇల్కా 4 అని చిన్న తెరచాపలున్నాయి. చిన్నది అడగడానికి మొహమాటం దేనికి?

నా వరకు అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న వేరే ఉంది. బోల్తా పడిన పడవను సాయం లేకుండా ఎన్నిసార్లు లేపారు? నెమ్మది గాలిలో ఒకసారి లేపడం వేరు. గట్టి గాలిలో లేపిన పడవ మళ్లీ పడుతుంది, మూడోసారికి చేతుల్లో సత్తువ ఉండదు. లోతు తక్కువ చోట తలకిందులైతే మాస్టు బురదలో దిగబడుతుంది, అప్పుడు రెస్క్యూ బోటు రావాల్సిందే. నీళ్లలో ఎన్ని పడవలున్నాయి, రెస్క్యూ బోట్లు ఎన్ని అన్నది దిగకముందే లెక్కపెట్టుకోండి.

ప్లేస్‌మెంట్‌ సీజన్‌లో ఉన్నవాళ్లకు ఇంకో మాట. ఒత్తిడిలో తీసుకున్న నిర్ణయం చెప్పమని హెచ్‌ఆర్‌ రౌండ్‌లో అడుగుతుంటారు. ‘20 నాట్స్‌లో దిగాను’ అనేదానికన్నా ‘విసురు 22 చూపించింది, రెస్క్యూ బోటు ఒక్కటే ఉంది, అందుకే దిగలేదు’ అన్న జవాబే నాకు నచ్చుతుంది. బూమ్‌ తగిలి వాచిన నుదురుతో వెళ్లి మొదటి జవాబు చెప్తే ఇంకా ఇబ్బంది!

వద్దనుకున్న రోజు వెంటనే ఇంటికెళ్లిపోకండి. కోచ్‌ని అడిగి రెస్క్యూ బోటులో ఎక్కండి. గాలి వెనక నుంచి ఉండగా తెరచాపను ఒకవైపు నుంచి ఇంకోవైపు మార్చేచోట ఎంతమంది పడుతున్నారో, పడనివాళ్లు ఆ క్షణంలో ఎక్కడ కూర్చుంటున్నారో దగ్గర్నుంచి చూడొచ్చు.